ఒత్తిడిని తట్టుకోవడంలో మన బలమెక్కడ, బలహీనత ఎక్కడ: సొంతంగా అంచనా వేసుకునే పద్ధతి

ఒత్తిడిని తట్టుకోవడంలో మీ బలాలేమిటి, బలహీనతలేమిటి అని అడిగితే చాలామంది తడుముకోకుండా జవాబు చెబుతారు. "నాకు ఓర్పు ఎక్కువ", "నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది", "నేను ఊరికే కంగారు పడిపోతాను" వంటి మాటలు నాలుక చివరే ఉంటాయి. వీటిలో చాలావరకు చిన్నప్పటి నుంచి ఇంట్లోవాళ్లు మన గురించి అంటూ వచ్చినవే తప్ప, నిజంగా ఒత్తిడి మీద పడిన గంటలో మనం ఏం చేశామో చూసుకుని తేల్చుకున్నవి కావు. అంచనా వేసుకోవడమంటే ఆ గంటను పట్టుకుని చూడటమే. ఎటువంటి పరిస్థితి వచ్చింది, నేనేం చేశాను, దానివల్ల పని జరిగిందా, ఆ క్రమంలో నేనూ నా చుట్టూ ఉన్నవాళ్లూ ఏం నష్టపోయాం అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబులు కనిపించినప్పుడే బలం, బలహీనత అన్న మాటలు పనికొస్తాయి.

ఇందులో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఒకటుంది. ఒకే గుణం ఒక రకం ఒత్తిడిలో మనల్ని నిలబెడుతుంది, మరో రకం ఒత్తిడిలో అదే మనల్ని దెబ్బతీస్తుంది. అందుచేత మనిషి మొత్తానికి "గట్టివాడు", "బలహీనుడు" అని ముద్ర వేసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఏ సందర్భంలో ఏ గుణం పనికొస్తోందో, ఏ సందర్భంలో అడ్డుపడుతోందో విడివిడిగా చూసుకోవాలి.

విషయం గాలిలో మాటలా కాకుండా ఉండటానికి, ఒక బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేసే మహిళను ఉదాహరణగా తీసుకుందాం. ఆమె ఫలానా వ్యక్తి కాదు, మన మండల కేంద్రాల్లో ఏ శాఖలోకి వెళ్లినా కనిపించే ఉద్యోగుల బతుకుల నుంచి కూర్చుకున్న ఉదాహరణ. నెల మొదట్లో పింఛనుదారుల రద్దీ, డ్వాక్రా సంఘాల రుణాల ఫైళ్లు, పంట రుణాల రెన్యువల్స్, బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చినవాళ్ల వరుస, డిపాజిట్ల టార్గెట్ ఎంతవరకు వచ్చిందని పై ఆఫీసు నుంచి ఫోన్లు, మార్చి 31 దగ్గరపడేకొద్దీ క్లోజింగ్ హడావుడి. ఇంటికి వస్తే పదో తరగతి చదువుతున్న కొడుకు, డిమెన్షియాతో రోజురోజుకూ మనుషులను మరచిపోతున్న తండ్రి.

ముందుగా ఒంటి సంగతి తేల్చుకోండి

స్వభావాన్ని తప్పుపట్టే ముందు ఒంట్లో ఏదైనా లోపం ఉందేమో చూసుకోవడం న్యాయం. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తుంటే గుండెదడ, చెమటలు, చిరాకు, నిద్రలేమి అన్నీ వస్తాయి. రక్తహీనత ఉంటే చిన్న పనికే అలసట, ఆయాసం, దడ ఉంటాయి. మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు ఏళ్ల తరబడి రక్తహీనతతో ఉంటూ, "నాకు ఓపిక లేదు, నేను దేనికీ తట్టుకోలేను" అని తమను తామే నిందించుకుంటారు. ఒక్క రక్త పరీక్షతో తేలిపోయే విషయాన్ని గుణదోషంగా మోయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, రక్తపోటు, షుగర్ ఒకసారి చూపించుకుని ఆ తర్వాతే నోట్‌బుక్ తెరవండి. ఛాతీలో నొప్పి, బరువు, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకడం వంటివి ఉంటే మాత్రం అది ఒత్తిడేలే అని సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడే తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. కెనడాలో పరిశోధన చేసిన హన్స్ సెల్యే 1936లో ఎలుకలపై తన ప్రయోగాల ఫలితాలను ప్రకటిస్తూ, ఏ రకమైన దెబ్బ తగిలినా శరీరం మూడు దశల్లో స్పందిస్తుందని చెప్పాడు. మొదటి దశలో శరీరం ఉలిక్కిపడుతుంది. రెండో దశలో ఆ కష్టానికి సర్దుకుని నిలబడుతుంది. కష్టం ఎంతకీ తొలగకపోతే మూడో దశలో నిలబడే శక్తి కూడా హరించుకుపోతుంది. మనలో చాలామంది రెండో దశను చూసి బలమనుకుంటారు. "నాకు అలవాటైపోయింది, ఇప్పుడు ఏమీ అనిపించదు" అనే మాట విన్నప్పుడల్లా దాన్ని బలాల జాబితాలో వేసుకునే ముందు ఆగి చూడాలి. ఏమీ అనిపించకపోవడం ఒక్కోసారి నిబ్బరం, ఒక్కోసారి అలసిపోయిన శరీరం ఇక చెప్పడం మానేయడం. నిద్ర, ఆకలి, పలకరింపులు మామూలుగా ఉంటే అది నిబ్బరం కావచ్చు. తరచూ తలనొప్పి, కడుపులో మంట, సెలవు రోజున కూడా లేవబుద్ధి కాకపోవడం ఉంటే శరీరం అలసిపోయిందని అనుమానించాలి.

రెండు వారాల నోట్‌బుక్

జ్ఞాపకం మీద ఆధారపడితే అంచనా తప్పుతుంది. పెద్ద గొడవలు మాత్రమే గుర్తుండి, ప్రశాంతంగా దాటేసిన వందల సందర్భాలు మరుగున పడతాయి. అందుకే రెండు వారాల పాటు, ఒత్తిడి కలిగిన ప్రతి సందర్భాన్ని అదే రోజు రాసుకోవాలి. ఏం జరిగింది, ఒంట్లో మొదట ఎక్కడ తెలిసింది, మనసులో మొదట ఏ మాట వచ్చింది, ఏం చేశాను, పని జరిగిందా, ఎంతసేపటికి మామూలు మనిషినయ్యాను, ఆ ప్రభావం ఎవరి మీద పడింది: ఇవి రాస్తే చాలు. తీర్పులు రాయకూడదు. "అనవసరంగా కంగారుపడ్డాను" అన్నది తీర్పు. "చేతులు వణికాయి, ఫోన్ ఎత్తలేదు" అన్నది జరిగిన సంగతి.

మన బ్యాంకు అధికారి నోట్‌బుక్‌లో ఒక రోజు రాత ఇలా ఉండవచ్చు:

"సాయంత్రం 5:10. క్యాష్ టాలీలో 500 తక్కువ. మెడ వెనక బిగుసుకుంది. 'ఇవాళే రావాలా' అనిపించింది. కౌంటర్ మూసి, వోచర్లు వరుసగా పెట్టి చూశాం, తేడా లేదు. 500 నోట్ల కట్టలన్నీ మళ్లీ మెషిన్‌లో వేశాం. ఒక కట్టలో 101 ఉన్నాయి. 5:40కి టాలీ అయింది. క్యాషియర్ కొత్త అబ్బాయి, భయపడ్డాడు. ఏం కాదులే అన్నాను. బస్సులో కూడా అదే ఆలోచన. 7 గంటలకు బాబు లెక్కల నోట్‌బుక్ చూస్తూ చిన్న తప్పుకు గట్టిగా అరిచాను. వాడు అన్నం సగంలో వదిలేశాడు. 11:30 దాకా నిద్ర పట్టలేదు."

ఈ పది పదిహేను వాక్యాల్లో ఆమె గురించి ఆమెకే తెలియని సంగతులు ఎన్నో ఉన్నాయి. సమస్య కళ్ల ముందు ఉన్నప్పుడు ఆమె కంగారుపడలేదు; ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ వెతకాలో వరుస తప్పలేదు; తనకంటే చిన్నవాడికి ధైర్యం కూడా చెప్పింది. ఇవి మూడు వేర్వేరు బలాలు. టాలీ అయిపోయిన తర్వాతే అసలు ఇబ్బంది మొదలైంది. సమస్య తీరినా ఒంట్లోని బిగువు తీరలేదు, దాన్ని ఆమె ఇంటికి మోసుకువచ్చింది, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అది పిల్లవాడి లెక్కల మీద తేలింది. "నాకు కోపమెక్కువ" అని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటూ ఉంటే అది సగం తప్పు. ఆఫీసులో లేని కోపం ఇంట్లో ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఆమె బలహీనత కోపం కాదు, ఒక చోటి నుంచి మరో చోటికి వచ్చేటప్పుడు మనసును కుదుటపరచుకోకపోవడం.

రెండు వారాల తర్వాత పేజీలన్నీ ఒకే విడతలో చదవండి. ఒకటి రెండు సార్లు జరిగినదాన్ని వదిలేసి, మళ్లీ మళ్లీ కనిపించే వాటి కింద గీత గీయండి. ఏ మనిషి ఫోన్ వచ్చినప్పుడు, ఏ గంటలో, ఆకలితో ఉన్నప్పుడా, నిద్ర తక్కువైన మర్నాడా అన్నవి వాటంతటవే బయటపడతాయి.

మార్చగలిగిన కష్టం, మార్చలేని కష్టం

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో సమగ్రంగా వివరించిన సిద్ధాంతం ఈ అంచనాకు వెన్నెముక వంటిది. ఒక సంఘటన ఎదురైనప్పుడు మనసు ఇది నాకు ప్రమాదమా అని ఒక లెక్క, దీని గురించి నేను చేయగలిగిందేమిటి అని మరో లెక్క వేస్తుంది. ఆ తర్వాత మన ప్రయత్నం సమస్యను తీర్చే వైపు గాని, సమస్య వల్ల కలిగిన బాధను సంబాళించుకునే వైపు గాని సాగుతుంది. రెండింటిలో ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అనడానికి లేదు. సమస్య మన చేతిలో ఉన్నప్పుడు మొదటిది, లేనప్పుడు రెండోది ఎక్కువ అక్కరకొస్తాయి.

కాబట్టి నోట్‌బుక్‌లోని ప్రతి సందర్భం పక్కనా ఇది నా చేతిలో ఉన్నదా, కొంత ఉన్నదా, అసలు లేదా అని రాసి, ఆ పక్కన నేను ఏ వైపు ప్రయత్నించాను అని రాయాలి. ఈ రెండూ ఎక్కడ కలవలేదో అక్కడే బలహీనత దాగి ఉంటుంది.

మన ఉదాహరణలోని అధికారి విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. క్యాష్ తేడా వస్తే ఆమెను మించినవాళ్లు లేరు. అదే పద్ధతిని ఆమె తండ్రి జబ్బు మీద కూడా ప్రయోగిస్తుంది. ముగ్గురు డాక్టర్లకు రిపోర్టులు పంపుతుంది, మందుల పట్టిక గోడకు అంటిస్తుంది, ఎవరో చెప్పిన ఆహార నియమం మొదలుపెడుతుంది, అది పాటించలేదని అన్నావదినలతో ఫోన్‌లో వాదిస్తుంది. డిమెన్షియాలో వైద్యం అవసరమే, కాని వయసుతో వచ్చే డిమెన్షియా చాలావరకు వెనక్కి మళ్లేది కాదు. తండ్రి తన పేరు మరచిపోయిన సాయంత్రం ఆమెకు కావలసింది ఇంకో పట్టిక కాదు, ఆయన పక్కన కూర్చుని చేయి పట్టుకోవడం, ఆ తర్వాత ఎవరి దగ్గరైనా మనసారా ఏడవడం. అది ఆమెకు చేతకావడం లేదు, ఎందుకంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె దృష్టిలో ఓటమి. ఆఫీసులో ఆమెను నిలబెట్టిన గుణమే ఇక్కడ ఆమెను, ఆమెతో పాటు ఇంటిల్లిపాదినీ అలసిపోయేలా చేస్తోంది.

దీనికి తలకిందులుగా ఉండే మనుషులూ ఉంటారు. ఇంట్లో చావైనా జబ్బైనా నిబ్బరంగా నిలబడి పదిమందికి ధైర్యం చెప్పేవాళ్లే, ఆడిట్ ప్రశ్నలకు జవాబు ఇవ్వవలసిన ఫైలును మాత్రం "చూద్దాంలే" అని గడువు దాటేదాకా బల్ల మీద ఉంచేస్తారు. వాళ్ల ఓర్పు నిజమైన బలమే, కాని మార్చగలిగిన విషయంలో అది వాయిదాగా మారుతోంది.

ఎంతసేపటికి కోలుకుంటున్నారు

ఒత్తిడి కలగకపోవడం బలమని అనుకోవద్దు. కలిగిన ఒత్తిడి ఎంత త్వరగా దిగుతుందన్నది దానికంటే నమ్మదగిన కొలమానం. దీన్ని కొలవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. ప్రశాంతంగా ఉన్న ఉదయాల్లో మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండటం సాధారణం. గొడవ జరిగిన తర్వాత కుర్చీలో కూర్చుని కొంతసేపు ఆగి మళ్లీ చూడండి. దానికంటే ముఖ్యంగా, ఆ విషయం మనసులో ఎంతసేపు తిరుగుతోంది, ఆ రాత్రి పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది అన్నవి రాసుకోండి.

ఇదే చోట మనం దేన్ని ఆసరాగా పట్టుకుంటున్నామో నిజాయితీగా లెక్కపెట్టాలి. టీలు ఎన్ని, సిగరెట్లు ఎన్ని, మద్యం ఎంత, పడుకునే ముందు ఫోన్ ఎంతసేపు, డాక్టర్ రాయకుండా వేసుకున్న నిద్రమాత్రలు ఏమైనా ఉన్నాయా? కాఫీ, టీలలోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, అంటే సాయంత్రం 6 గంటలకు తాగిన స్ట్రాంగ్ టీ ప్రభావం సగం వరకు రాత్రి 11 గంటలకు కూడా ఒంట్లో ఉంటుంది. టార్గెట్ ఒత్తిడి వల్ల నిద్ర పట్టలేదని రాసుకున్న రోజుల్లో ఆఖరి టీ ఎన్ని గంటలకో కూడా రాసి చూస్తే కొన్ని బలహీనతలు చాలా తేలిగ్గా దిద్దుకోగలిగినవని తెలుస్తుంది.

ఇతరుల కళ్లతో చూసుకోవడం

మన గురించి ఇతరులకు తెలిసి మనకు తెలియని భాగం ఒకటి ఉంటుంది. ఒత్తిడిలో ఉన్నప్పుడు మన గొంతు ఎంత పెరిగిందో మనకంటే పక్క బల్లవారికే బాగా తెలుసు. కాబట్టి ఇంట్లో ఒకరిని, పనిచేసే చోట ఒకరిని అడగాలి. "నాలో లోపాలేమిటి" అని అడిగితే మన సమాజంలో ఎవరూ నిజం చెప్పరు. భార్య భర్తకు, కోడలు అత్తకు, క్లర్కు మేనేజరుకు అసలే చెప్పరు. ప్రశ్నను చిన్నది చేసి అడగాలి. "నేను కంగారులో ఉన్నానని నీకు అందరికంటే ముందు ఎలా తెలుస్తుంది? అప్పుడు నేను చేసే ఏ పని వల్ల నీకు ఇబ్బందవుతుంది? ఏ పని చూస్తే నీకు ధైర్యం వస్తుంది?" వాళ్లు చెప్పేటప్పుడు సంజాయిషీ ఇవ్వకూడదు. వాళ్ల మాటలను వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. "అమ్మ బ్యాంకు నుంచి వచ్చి చెప్పులు విసురుగా విడిస్తే ఆ రోజు నేనేం అడగను" అని కొడుకు చెప్పిన ఒక్క వాక్యం, ఆమె రెండు వారాలు రాసుకున్న పేజీలన్నిటికంటే ఎక్కువ చెప్పగలదు.

ప్రశ్నావళి ఏ మేరకు ఉపయోగం

మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో ప్రచురించిన ఒత్తిడి ప్రశ్నావళికి ఇప్పుడు 10 ప్రశ్నల రూపం విస్తృతంగా వాడుకలో ఉంది. గడిచిన నెల రోజుల్లో ఎంత తరచుగా అలా అనిపించిందో ప్రతి ప్రశ్నకూ 0 నుంచి 4 వరకు గుర్తు వేయాలి. మొత్తం 0 నుంచి 40 మధ్య వస్తుంది, ఎక్కువ వస్తే ఒత్తిడి ఎక్కువగా అనుభవిస్తున్నట్టు. అది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదు. మొత్తం అంకె కంటే ఉపయోగపడేది దాని లోపలి అమరిక: ఆరు ప్రశ్నలు పరిస్థితి చేయి దాటిపోతున్న భావన గురించి, నాలుగు ప్రశ్నలు సంబాళించుకోగలనన్న నమ్మకం గురించి అడుగుతాయి. ఈ నాలుగింటి మార్కులను మొత్తంలో కలిపేటప్పుడు తిరగేసి, అంటే 0కి 4, 1కి 3 అన్నట్టుగా వేయాలి. రెండు భాగాలనూ విడివిడిగా చూస్తే, కష్టాలు నిజంగానే ఎక్కువయ్యాయా, లేక మన మీద మనకు నమ్మకం తగ్గిందా అన్నది కొంత తేటపడుతుంది.

బలాలను క్రియలుగా రాయండి

బలహీనతలు రాయమంటే పేజీ నిండుతుంది, బలాలు రాయమంటే కలం ఆగిపోతుంది. ముఖ్యంగా ఇల్లు నడిపే ఆడవాళ్లు తాము చేసేదాన్ని బలంగా లెక్కే వేయరు. అందుకే గతంలో దాటి వచ్చిన రెండు మూడు గట్టి కష్టాలను ఎంచుకుని, అప్పుడు ఏం చేశారో రాయండి. ఎవరికి ఫోన్ చేశారు, దేన్ని వదులుకున్నారు, డబ్బు ఎలా సర్దారు, ఏ మాట మీకు ఊతమైంది? "ధైర్యం ఉంది" అని రాస్తే అది పొగడ్త అవుతుంది గాని పనికిరాదు. "తెలియనిది ఎదురైతే సిగ్గుపడకుండా తెలిసినవాళ్లను అడుగుతాను" అని రాస్తే రేపు మళ్లీ వాడుకోవచ్చు. ప్రతి బలం పక్కన అది ఎక్కడ పనికిరాలేదో, ప్రతి బలహీనత పక్కన అది ఎక్కడ మేలు చేసిందో కూడా రాయండి. ఊరికే కంగారుపడే మనిషి చాలాసార్లు గడువు కంటే ముందే పని ముగించి ఉంటారు.

మీది కాని బలహీనతను మీ మీద వేసుకోకండి

ఎనిమిది మంది చేయవలసిన పనిని ఐదుగురు చేస్తున్న శాఖలో అందరికీ తలనొప్పి వస్తే, అది ఐదుగురి వ్యక్తిగత బలహీనత కాదు. పని భారం ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువైన ఉద్యోగాల్లో ఒత్తిడి తీవ్రంగా ఉంటుందని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చూపించాడు. ధ్యానం చేయండి, ప్రాణాయామం చేయండి అని చెప్పి ఖాళీ పోస్టులను భర్తీ చేయకపోవడం అన్యాయం, ఆ అన్యాయాన్ని మన నోట్‌బుక్‌లో మన లోపంగా రాసుకోవడం ఇంకా అన్యాయం. మీ స్థానంలో మరొకరు కూర్చున్నా అదే జరుగుతుందా అని ప్రతి బలహీనత దగ్గరా అడగండి. జరుగుతుందనిపిస్తే దాన్ని వేరే పేజీలోకి మార్చండి. ఆ పేజీ మీరు దిద్దుకోవలసింది కాదు, మేనేజరుతోనో యూనియన్‌తోనో ఇంట్లో మిగతావాళ్లతోనో మాట్లాడవలసింది.

ఒక్కదానితో మొదలుపెట్టడం

మిగిలిన జాబితా నుంచి ఒక్క బలహీనతనే ఎంచుకోండి, అది కూడా ఇతరులను ఎక్కువగా నొప్పించేదాన్ని. దాన్ని మీకున్న ఏదో ఒక బలంతోనే ఎదుర్కోవడం తేలిక. మన అధికారికి వరుస క్రమంలో పనిచేయడం బాగా వచ్చు కాబట్టి, ఇంటికి వచ్చాక ముఖం కడుక్కోవడం, పదినిమిషాలు డాబా మీద నడవడం, ఆ తర్వాతే పిల్లవాడి పుస్తకం ముట్టుకోవడం అన్న వరుసను ఆమె పెట్టుకోవచ్చు. రెండు వారాలు చేసి, నోట్‌బుక్‌లో సాయంత్రపు రాతలు మారాయో లేదో చూడాలి. మారకపోతే మనిషిని కాదు, పద్ధతిని మార్చాలి.

రాస్తున్నకొద్దీ మనసు మరింత కుంగుతుంటే, రెండు వారాలకు పైగా నిద్రా ఆకలీ లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ అంచనాను పక్కన పెట్టి మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ అంచనాను ఏడాదిలో కనీసం రెండుసార్లు, వేర్వేరు కాలాల్లో చేయాలి. బ్యాంకు ఉద్యోగి మార్చిలో రాసిన పేజీలు, ఆగస్టులో రాసిన పేజీలు ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినట్టు ఉండవచ్చు. రెండింటిలోనూ కనిపించేది మన స్వభావానికి చెందినది, ఒక్క మార్చిలోనే కనిపించేది ఆ కాలానికి చెందినది. మొదటిసారి ప్రశ్నలు అడిగిన ఇద్దరినే రెండోసారీ అడగండి. పాత పేజీలు వాళ్లకు చూపించకుండా, వాళ్ల కొత్త జవాబులు రాసుకున్న తర్వాతే పాత జవాబులతో పోల్చి చూసుకోండి.